ఎపాక్సీ నేల ఎందుకు పొంగుతుంది, ఎందుకు ఊడుతుంది?

క్లుప్తంగా: ఎపాక్సీ ఫ్లోరింగ్ (రెండు ద్రవాలు కలిపి గచ్చు మీద పోసే గట్టి పూత) పాడైతే ముందు మెటీరియల్‌నే అనుమానిస్తారు. కారణం చాలాసార్లు దాని కింద ఉంటుంది. గచ్చులో చెమ్మ, సరిగా గ్రైండింగ్ చేయని ఉపరితలం, చెప్పిన మందానికి చాలని సరుకు, ఈ మూడింట్లో ఏదో ఒకటి దొరుకుతుంది. ఎండ పడే చోట, వాలు కావాల్సిన చోట, మరిగే నీళ్లు ఒలికే చోట మామూలు ఎపాక్సీ నప్పదు. శుభ్రం చేయడం తేలికే, యాసిడ్‌తో మాత్రం కాదు.

ఒకప్పుడు ఎపాక్సీ నేల ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో మాత్రమే కనిపించేది. ఇప్పుడు అపార్ట్‌మెంట్ సెల్లార్లు, కార్ల షోరూములు, జిమ్‌లు, బొటిక్‌లు దాటి ఇంటి హాల్లోకి వచ్చింది. బకెట్‌తో పోసి పలకతో లాగగానే మెరిసిపోయే నేలల వీడియోలు ఫోన్లో ఎన్నైనా దొరుకుతాయి. అవన్నీ పోసిన రోజు తీసినవే. రెండు వానాకాలాలు గడిచాక అదే నేల ఎలా ఉందో చూపించే వీడియో అరుదు. అందుకే ఒకరు పదేళ్లయినా చెక్కుచెదరలేదంటారు, ఇంకొకరు ఏడాదికే పెచ్చులూడిందంటారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. ఒకే సరుకు రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు ప్రవర్తిస్తుందో చూడాలంటే అది గట్టిపడే తీరు నుంచి మొదలుపెట్టాలి.

ఇది ఆరేది కాదు, గట్టిపడేది

ఎపాక్సీ అసలే తెలియని ఇల్లు తక్కువ. ట్యాంకు పైపు దగ్గర నీళ్లు కారితే రెండు ముద్దలు కలిపి అద్దే ఎంసీల్, విరిగిన వస్తువుల్ని అతికించే ఆరల్డైట్ ఈ కోవలోవే. 1930లలో జర్మనీలో పాల్ ష్లాక్, స్విట్జర్లాండ్‌లో పియెర్ కాస్టన్ విడివిడిగా చేసిన పరిశోధనల్లోంచి ఈ రసాయనం పుట్టింది. స్విస్ కంపెనీ సీబా 1946లో ఆరల్డైట్‌ను బయటికి తెచ్చింది. నేల మీద పోసేదీ ఆ కుటుంబానిదే. ఒక డబ్బాలో బిస్‌ఫినాల్-ఏ, ఎపిక్లోరోహైడ్రిన్‌లతో తయారైన రెజిన్ ఉంటుంది, రెండో డబ్బాలో అమైన్ రకం హార్డెనర్.

గోడకు వేసే పెయింటులో నీరో థిన్నరో ఆవిరైపోయి పొర మిగులుతుంది. ఎపాక్సీలో రెజిన్ అణువులు హార్డెనర్ అణువులతో ముడిపడి ఒకే గట్టి వలగా మారతాయి. ఒకసారి ముడిపడ్డాక మళ్లీ కరగదు. పని చేసేవాళ్లు పాటించే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

మొదటిది కొలత. ఎన్ని రెజిన్ అణువులకు ఎన్ని హార్డెనర్ అణువులు కావాలో లెక్క ఉంటుంది. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ కాస్త ఎక్కువ పోస్తే జోడీ దొరకని హార్డెనర్ పొరలోనే మిగిలి నేల జిగటగా, మెత్తగా ఉండిపోతుంది. తక్కువ పోసినా అంతే. కిట్టులోని రెండు డబ్బాలనూ పూర్తిగా వాడితే కొలత తప్పే అవకాశం తక్కువ. సగం సగం కలపాల్సి వస్తే కంటి అంచనా పనికిరాదు, తూకం వేయాలి.

రెండోది వేడి. ఈ చర్యలో వేడి పుడుతుంది. కలిపిన ద్రవాన్ని బకెట్లోనే వదిలేస్తే ఆ వేడి బయటికి పోలేక చర్యను ఇంకా వేగం చేస్తుంది, బకెట్ ముట్టుకోలేనంత కాలి పొగలు రావడం కూడా ఉంది. నేల మీద పలుచగా పరిస్తే వేడి చెదిరిపోతుంది. సుమారుగా చెప్పాలంటే ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ కలిపిన మిశ్రమాన్ని వాడుకోవడానికి చేతిలో ఉండే సమయం సగానికి పడిపోతుంది. 25 డిగ్రీల దగ్గర అరగంట పనిచేసే మిశ్రమం, రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం పావుగంట కూడా నిలవదు. వేసవిలో కాంట్రాక్టర్లు తెల్లవారుజామున పని మొదలుపెట్టడానికి, డబ్బాలను ముందు రోజే నీడలో పెట్టడానికి కారణం ఇదే.

చెమ్మ కింద నుంచి వస్తుంది

పాత సిమెంటు గచ్చుకు సన్నని రంధ్రాలుంటాయి. నేలలోని తేమ ఆవిరై ఆ రంధ్రాల గుండా పైకి వచ్చి గాలిలో కలిసిపోతుంది. అది కంటికి కనిపించదు కాబట్టి గచ్చు పొడిగా ఉందనుకుంటాం. ఎపాక్సీ ఆ దారిని మూసేస్తుంది. తేమ పూత కింద చేరుతుంది. సిమెంటులోని క్షార లవణాలు అందులో కరుగుతాయి. ప్రైమర్ సరిగా గట్టిపడకపోతే దానిలో మిగిలిపోయిన చిన్న అణువులూ తోడవుతాయి. లవణాలు ఎక్కువున్న చోటికి ఇంకా నీరు లాగబడుతుంది. పూత కింద ఒత్తిడి పెరిగి అక్కడక్కడా చిన్న బుడిపెలు లేస్తాయి. సూదితో పొడిస్తే జిగురు జిగురుగా గోధుమరంగు ద్రవం చిమ్ముతుంది. ఇది పోసిన వారంలో కనిపించదు. నెలలు గడిచాక, ఎక్కువగా వానల తర్వాత, బయటపడుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఇది ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన విషయం. మన దగ్గర గ్రౌండ్ ఫ్లోర్ కట్టేటప్పుడు బేస్‌మెంట్‌లో మట్టి లేదా ఇసుక నింపి, దిమ్మిస చేసి, నేరుగా కాంక్రీటు వేసేస్తారు. మట్టికీ కాంక్రీటుకీ మధ్య ప్లాస్టిక్ షీటు పరిచే అలవాటు ఇళ్లలో తక్కువ. బండలకో టైల్స్‌కో అది పెద్ద సమస్య కాదు, సందుల గుండా తేమ తప్పించుకుంటుంది. నీటిమట్టం పైకి ఉండే కోనసీమ, కృష్ణా డెల్టా ఊళ్లలో అలాంటి నేల మీద ఎపాక్సీ పోస్తే పైకొచ్చే ఆవిరికి దారి ఉండదు. హైదరాబాద్‌లో సెల్లార్లది కూడా ఇంచుమించు ఇదే పరిస్థితి. చెరువుల పక్కన లోతుగా తవ్విన సెల్లార్లలో గోడ వైపు నుంచీ నీరు ఊరుతుంది. పై అంతస్తుల శ్లాబులకు ఈ బెడద లేదు. కొత్త శ్లాబు అయితే కనీసం 28 రోజులు క్యూరింగ్ అయ్యి, ఆ తర్వాత ఆరాలి.

తేమ చూసుకోవడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. దాదాపు 45 సెంటీమీటర్ల చదరపు పాలిథిన్ షీటును గచ్చు మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అంటించి కనీసం 16 గంటలు వదిలేయాలి. తీసినప్పుడు లోపలి వైపు నీటి చుక్కలున్నా, కింద గచ్చు రంగు ముదిరినా తేమ ఉన్నట్టే. అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం పుస్తకాల్లో డి 4263 పేరుతో ఉన్న పరీక్ష ఇదే. తేమ మీటరుతో చూసేటప్పుడు చాలా కంపెనీలు పెట్టే హద్దు బరువులో 4 శాతం. ఒక చిక్కు మాత్రం ఉంది. ఏప్రిల్‌లో చేసిన పరీక్ష ఏప్రిల్ సంగతే చెబుతుంది. గ్రౌండ్ ఫ్లోర్ విషయంలో వానాకాలం చివర్లో చేసిన పరీక్షకే విలువ ఎక్కువ.

తేమ ఉందని తేలితే మార్గాలు లేకపోలేదు. తేమను అడ్డుకునే ప్రత్యేక ఎపాక్సీ ప్రైమర్లున్నాయి, ఎపాక్సీ, సిమెంటు కలిసిన మూడు భాగాల పొరలూ ఉన్నాయి. ఖర్చు పెరుగుతుంది. కొత్తగా కట్టేవాళ్లకు అన్నిటికన్నా చవక కాంక్రీటు పోసే ముందే మందపాటి పాలిథిన్ షీటు పరచడం.

గ్రైండింగ్ దగ్గర మిగిల్చేది

ఎపాక్సీ అతుక్కునే శక్తి చాలా ఎక్కువ. అయితే దేనికి అతుక్కుందన్నది ముఖ్యం. కాంక్రీటు పోసి తాపీతో రుద్దినప్పుడు సిమెంటు పాలు పైకి తేలి పలుచని బలహీనమైన పొరగా మిగులుతాయి. నున్నగా కనిపించే గచ్చు మీద ఉండేది ఇదే. ఎపాక్సీ ఈ పొరనే పట్టుకుంటుంది, ఆ పొరేమో కింది కాంక్రీటును వదిలేస్తుంది. అందుకే డైమండ్ గ్రైండింగ్‌తోనో సన్నని ఉక్కు గుళ్లు కొట్టే షాట్ బ్లాస్టింగ్‌తోనో పైపొర తీసేసి లోపలి ఇసుక, కంకర కనిపించేదాకా గరుకు చేయాలి. యాసిడ్ పోసి కడిగేయడం చవక పద్ధతి. దానివల్ల గరుకుదనం ఒకేలా రాదు, నీరు మళ్లీ గచ్చులోకే దిగుతుంది, మిగిలిన లవణాలు తర్వాత బుడిపెలకు సాయం చేస్తాయి.

కంపెనీల డేటా షీట్లలో సాధారణంగా రెండు అంకెలుంటాయి. గచ్చుకు చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల నొక్కుడు బలం, 1.5 న్యూటన్ల లాగుడు బలం. ఇటుక ముక్కల కాంక్రీటుకూ, చేత్తో గీరితే పొడి రాలే పాత గచ్చుకూ అంత బలం ఉండదు. అక్కడ ఎంత మంచి ఎపాక్సీ పోసినా అది గచ్చునే పెచ్చుగా లేపుకొస్తుంది. ఇక షెడ్డులో ఏళ్ల తరబడి ఇంజిన్ ఆయిల్ ఇంకిన చోటు మరీ మొండిది. గ్రైండింగ్ ఒక్కటే చాలదు, ముందు డీగ్రీజర్‌తో పలుమార్లు తోమాలి, లేదా ఆ భాగాన్ని తవ్వి కొత్తగా వేయాలి.

టైల్స్ మీద పోయొచ్చా అన్నది ఇళ్లవాళ్లు తరచూ అడిగే ప్రశ్న. పోయొచ్చు. తట్టి చూసి డొల్లగా మోగిన టైల్స్ తీసేయాలి, మెరుపు పోయేదాకా గ్రైండింగ్ చేయాలి, సందులు నింపాలి. పూత పలుచగా ఉంటే కొన్నాళ్లకు టైల్స్ గీతలు పైకి కనిపిస్తాయి. వేడికి సాగడానికి కాంక్రీటులో వదిలిన ఎక్స్‌పాన్షన్ జాయింట్లను మాత్రం పూడ్చకూడదు. పైపూతలో కూడా అదే గీత కోసి సాగే సీలెంట్ నింపాలి. పూడ్చిన జాయింట్ మొదటి వేసవిలోనే పగులుగా తేలుతుంది.

గ్రైండింగ్ దుమ్ములో సన్నని సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. వాక్యూమ్ తగిలించిన యంత్రం, తగిన మాస్క్ లేకుండా చేయించకూడని పని ఇది. హార్డెనర్ చర్మానికి తగిలితే కొందరికి ఎలర్జీ వస్తుంది. ఒకసారి వచ్చాక ఆ తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లు లేస్తాయి. నైట్రైల్ గ్లవుజులకు అయ్యే ఖర్చు చాలా తక్కువ, అయినా సైట్లలో కనిపించేవి ఎక్కువగా వట్టి చేతులే.

పోసే రోజు

ప్రైమర్ వేసి, గుంతలు ఎపాక్సీ లప్పంతో పూడ్చి, ఆ తర్వాతే అసలు పొర. తక్కువ వేగంతో తిరిగే మిక్సర్‌తో మూడు నిమిషాల పాటు కలుపుతారు. వేగం పెరిగితే గాలి చొరబడుతుంది. బకెట్ గోడలకు, అడుగున అంటుకున్న ద్రవం సరిగా కలవదు కాబట్టి అనుభవమున్నవాళ్లు మిశ్రమాన్ని రెండో బకెట్లోకి వంచి మళ్లీ కలుపుతారు. ఈ చిన్న పని మానేస్తే నేలంతా గట్టిపడ్డాక కూడా అక్కడక్కడా చేయంత మేర జిగట మచ్చలు మిగులుతాయి. ద్రవాన్ని వరసగా పోసి, పళ్లున్న తాపీతో లాగి, మేకుల చెప్పులు వేసుకుని దాని మీదే నడుస్తూ ముళ్ల రోలర్‌తో బుడగలు చిదుపుతారు. ముళ్ల గుర్తులు కళ్లముందే పూడిపోతుంటే మిశ్రమం ఇంకా పారుతోందని అర్థం. గుర్తులు నిలిచిపోతే సమయం మించిపోయింది, ఇక రోలర్ ఆపాలి.

వాతావరణం కూడా చూసుకోవాలి. ఉదయం ఎండ ఎక్కుతుంటే గచ్చు వేడెక్కి రంధ్రాల్లోని గాలి వ్యాకోచించి పైకి వస్తుంది, పూతలో సూదిమొన బెజ్జాలు పడతాయి. ఎండ తగిలే షెడ్డుల్లో ప్రైమర్‌ను వేడి తగ్గే సాయంత్రం వేస్తే గచ్చు గాలిని లోపలికి పీల్చుకుంటుంది. మరోవైపు తేమ ముప్పు ఉంది. గచ్చు ఉష్ణోగ్రత మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది నియమం. విశాఖలో వానాకాలం సాయంత్రం గాలి 30 డిగ్రీలు, తేమ 85 శాతం అనుకుందాం. అప్పుడు మంచుబిందువు దాదాపు 27 డిగ్రీలు. గచ్చు 30 డిగ్రీలుంటే బొటాబొటిగా గట్టెక్కినట్టు. ఏసీ వేసి చల్లబరిచిన గది తలుపు తెరిస్తే గచ్చు మీద కనిపించని నీటి పొర పేరుకుంటుంది. తడిసిన పూతలో అమైన్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్, తేమతో కలిసి పైన జిడ్డు పొర కడుతుంది. దాన్ని గోరువెచ్చని నీళ్లతో కడగకుండా రెండో కోటు వేస్తే రెండు కోట్ల మధ్యే ఊడిపోతుంది.

మందం లెక్క

కొటేషన్‌లో చదరపు అడుగుకు ఇంత అని రాసి ఉంటుంది. మందం ఎంతో చాలాసార్లు ఉండదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు మందానికి ఒక లీటరు పడుతుంది. ఇది ఏ కంపెనీకైనా మారదు. వెయ్యి చదరపు అడుగులంటే దాదాపు 93 చదరపు మీటర్లు. పోస్తే సమంగా పారే 2 మిల్లీమీటర్ల సెల్ఫ్ లెవలింగ్‌కు 186 లీటర్లు కావాలి. ఫిల్లర్ కలిసిన సరుకు లీటరు దాదాపు కిలోన్నర తూగుతుంది కాబట్టి 20 కిలోల కిట్లు దాదాపు 14 రావాలి, ప్రైమర్ కాకుండా. అదే 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రోలర్ కోటింగ్ అయితే 14 లీటర్లు చాలు. రెండింటినీ ఎపాక్సీ ఫ్లోరింగ్ అనే పిలుస్తారు. సైట్‌కు వచ్చిన డబ్బాలు లెక్కపెడితే ఏది వేస్తున్నారో తెలిసిపోతుంది. థిన్నర్ ఎక్కువున్న రకాల్లో సగం ఆవిరైపోతుందని కూడా గుర్తుంచుకోవాలి. తడిగా 300 మైక్రాన్లు వేస్తే ఆరాక 150 మిగలొచ్చు.

మనుషులు మాత్రమే నడిచే చోటుకు పలుచని కోటింగ్ సరిపోతుంది. ట్రాలీలు, స్టాకర్లు తిరిగే గోదాములకు 2 నుంచి 3 మిల్లీమీటర్లు, బరువులు పడే చోట ఇసుక కలిపిన 4 నుంచి 6 మిల్లీమీటర్ల ఎపాక్సీ మోర్టార్ వాడతారు.

ఎక్కడ నప్పుతుంది, ఎక్కడ నప్పదు

ఎపాక్సీకి సాటిలేని గుణం అతుకుల్లేకపోవడం. టైల్స్ సందుల్లో చేరే మురికి ఇక్కడ ఉండదు. మందుల తయారీలో ఇది అలంకారం కాదు, అవసరం. కేంద్రం 2023 డిసెంబరులో మందుల తయారీ ప్రమాణాలు చెప్పే షెడ్యూల్ ఎంను సవరించి నోటిఫై చేసింది. టర్నోవర్ 250 కోట్ల రూపాయలు దాటిన కంపెనీలకు ఆరు నెలలు, మిగతావాటికి ఏడాది గడువిచ్చి, చిన్న, మధ్యతరహా యూనిట్లకు తర్వాత 2025 డిసెంబరు దాకా పొడిగించింది. తయారీ గదుల నేలలు పగుళ్లు, తెరుచుకున్న సందులు లేకుండా తేలిగ్గా శుభ్రం చేసేలా ఉండాలన్నది ఆ నిబంధనల్లో ఒకటి. జీడిమెట్ల, పాశమైలారం నుంచి పరవాడ దాకా ఉన్న ఫార్మా యూనిట్లకు దీని అర్థం గోడ, నేల కలిసే మూల కూడా గుండ్రంగా తిరిగిన అతుకుల్లేని నేల.

అయితే పెద్ద వంటశాలలు, డెయిరీలు, పచ్చళ్ల యూనిట్ల సంగతి వేరు. మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. మరిగే గంజి, వేడి నీళ్లు పడ్డాక వెంటనే చన్నీళ్లతో కడిగితే కాంక్రీటు, పూత వేర్వేరుగా సాగి కుంచించుకుని విడిపోతాయి. పాలలోని లాక్టిక్ ఆమ్లం, వెనిగర్‌లోని అసిటిక్ ఆమ్లం దాన్ని నెమ్మదిగా తింటాయి. అక్కడ పాలీయురేథేన్ రెజిన్, సిమెంటు కలిసిన పీయూ కాంక్రీటే సరైనది, ఖరీదు ఎక్కువైనా.

ఇంట్లో చూస్తే సెల్ఫ్ లెవలింగ్ అనే పేరులోనే చిక్కుంది. అది తనంతట తాను సమంగా పరుచుకుంటుంది, అంటే వాలును పూడ్చేస్తుంది. నీళ్లు పోసి కడిగే బాత్రూముకు, వాష్ ఏరియాకు అది పనికిరాదు, వాలు నిలిచే చిక్కని రకం కావాలి. నున్నటి ఎపాక్సీ తడిస్తే జారుతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో, కారు దిగే ర్యాంపు మీద క్వార్ట్జ్ ఇసుక చల్లి గరుకు చేయాల్సిందే. డాబా మీద లీకేజీ ఆపడానికి ఎపాక్సీ వేయిస్తున్నవాళ్లున్నారు. ఎండకు శ్లాబు రోజూ సాగి ముడుచుకుంటుంటే గట్టి ఎపాక్సీ దానితో పాటు సాగలేదు. పైగా అతినీలలోహిత కిరణాలకు పచ్చబడి పొడి రాలుతుంది. బొమ్మ అంటించి పైన పారదర్శక ఎపాక్సీ పోసే త్రీడీ నేలల్లో ఈ పసుపుదనం ముందు కనిపిస్తుంది, అదీ బాల్కనీ తలుపు దగ్గర ఒక పట్టీలా. పైన ఎండను తట్టుకునే అలిఫాటిక్ పాలీయురేథేన్ లేదా పాలీయాస్పార్టిక్ కోటు ఉంటే చాలావరకు తగ్గుతుంది.

గ్రానైట్‌తో, తాండూరు బండలతో పోలిస్తే ఇంటి హాలుకు ఎపాక్సీ గొప్ప లాభమేమీ కాదు. బండ తరతరాలు ఉంటుంది, గీత పడితే పాలిష్ పట్టొచ్చు. ఎపాక్సీ గీతలు పడే పొర, కొన్నేళ్లకోసారి పైకోటు వేయాలి. కారు పార్కింగ్, వర్క్‌షాప్, క్లినిక్, స్టోర్ రూముల్లోనే దాని విలువ తెలుస్తుంది.

వాడకం, శుభ్రం

24 గంటల తర్వాత నడవొచ్చు, మూడు రోజులకు తేలిక వాహనాలు. పూర్తి గట్టిదనం రావడానికి దాదాపు వారం పడుతుంది. ఈ వారంలో నీళ్లు నిలవనివ్వకూడదు. పార్కింగ్‌లో కనిపించే టైర్ల ఆకారపు ఊడుడుకు తొందర ఒక కారణం. హైవే మీద నుంచి వేడిగా వచ్చిన టైరు పూతను మెత్తబరుస్తుంది, చల్లారేటప్పుడు పట్టుకుని లాగుతుంది. పలుచని కోటింగ్ అయితే ఊడొస్తుంది.

ఈ నేలకు పెద్ద శత్రువు చెప్పుల కింద వచ్చే ఇసుక. గుమ్మం దగ్గర మంచి మ్యాట్, రోజూ మెత్తని చీపురు లేదా డస్ట్ మాప్ ఉంటే మెరుపు చాలాకాలం నిలుస్తుంది. తుడవడానికి పీహెచ్ న్యూట్రల్ ఫ్లోర్ క్లీనర్ చాలు. సబ్బు పొడి నురగ సరిగా పోకపోతే మసక పొర మిగులుతుంది. బాత్రూముల్లో వాడే యాసిడ్ అసలు పోయకూడదు. పసుపు, కూర మరకలను వెంటనే తుడవాలి, లేత రంగు ఎపాక్సీలో పసుపు దిగితే తీయడం కష్టం. నెయిల్ పాలిష్ రిమూవర్ పడ్డ చోట మెరుపు పోతుంది. బీరువా, మంచం జరిపేటప్పుడు ఈడ్వకుండా ఎత్తి పెట్టాలి, కాళ్ల కింద ఫెల్ట్ ముక్కలు అంటించాలి.

పెచ్చు వెనక వైపు చూస్తే

ఊడిన నేల మీద గొడవపడే ముందు ఒక పెచ్చును తిప్పి చూస్తే సగం జవాబు దొరుకుతుంది. వెనక సిమెంటు పొడి, ఇసుక అంటుకుని వస్తే గచ్చు బలహీనం, లేదా పైపొర తీయలేదు. వెనక శుభ్రంగా నున్నగా ఉంటే గ్రైండింగ్ చాల్లేదు, లేదా నూనె, దుమ్ము మిగిలింది. రెండు కోట్ల మధ్య విడిపోతే జిడ్డు పొర కడగలేదు, లేదా మొదటి కోటు మరీ గట్టిపడ్డాక సాండింగ్ లేకుండా రెండోది వేశారు. వేలితో నొక్కితే మెత్తగా ఉంటే కొలత లేదా కలపడంలో లోపం. ఇవన్నీ పని చేసినవాళ్ల బాధ్యత కిందికి వస్తాయి. గీతలు, మసకబారడం లాంటివైతే సాండింగ్ చేసి పలుచని పైకోటు వేస్తే నేల మళ్లీ కొత్తదవుతుంది. ముక్కలుగా అతుకు వేస్తే మాత్రం రంగు తేడా తెలిసిపోతుంది. బుడిపెలో ద్రవం ఉంటే కారణం కింది తేమ. అప్పుడు బుడిపెలు కోసి పూడ్చినా లాభం లేదు, పక్కనే కొత్తవి లేస్తాయి. ఆ గదిలో పూత మొత్తం గీకేసి, తేమను అడ్డుకునే పొర వేసిన తర్వాతే మళ్లీ పోయాలి. అంత ఖర్చు వద్దనుకుంటే ఆ నేలకు బండలే నయం.